హైదరాబాద్ స్క్వాడ్రన్ దస్త్రాలు తెరవండి

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వానికి, రాష్ట్రంలోని మ్యూజియాల బాధ్యులకు, నిజాం కాలపు దస్త్రాలను కాపాడుతున్న అధికారులకు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

లండన్ ఉత్తర శివారు హెండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ వారి మ్యూజియం ఉంది. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మా అల్లుడు నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల మధ్య నడుస్తూ డీహెచ్-9ఏ అనే పాత బాంబర్ ముందు ఆగిపోయాను. కొయ్య చట్రం, దాని మీద బిగించి రంగు పూసిన గుడ్డ, పైనొకటి కిందొకటి రెక్కలు. దాని ఒంటి మీద ఇంగ్లీషు అక్షరాల్లో నిజాం ఆఫ్ హైదరాబాద్ బహూకరించినది అని రాసి ఉంది. రెండుసార్లు చదువుకున్నాను. అల్లుడిని పిలిచి చూపించాను. పక్కనున్నవాళ్ళు ఫోటోలు తీసుకుంటూ వెళ్ళిపోతున్నారు. నాకు మాత్రం అక్కణ్ణించి కదల బుద్ధి కాలేదు.

ఆ విమానం సంఖ్య ఎఫ్1010. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీద బాంబులు వేయడానికి వెళ్ళి, దెబ్బ తిని, శత్రువు నేల మీదే దిగిపోయింది. జర్మన్లు దాన్ని దాచి, తర్వాత బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు కురుస్తుంటే తూర్పుకు తరలించారు. యుద్ధం ముగిసేసరికి అది పోలండ్‌లో తేలింది. క్రాకోలో చాలా ఏళ్ళు పడి ఉంది. 1977లో బ్రిటన్ వాళ్ళు దానికి బదులుగా ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని ఇచ్చి మరీ ఇంటికి తెచ్చుకున్నారు. మన ఊరి పేరు మోసిన విమానం కోసం ఇంకొకళ్ళు అంత తపన పడ్డారు. ఆ పేరున్న ఊళ్ళో ఎవరినైనా అడగండి, హైదరాబాద్ స్క్వాడ్రన్ అంటే ఏమిటో చెప్పగలవాళ్ళు ఎందరున్నారో మీకే తెలుస్తుంది. ఈ లేఖ అందుకే రాస్తున్నాను.

స్క్వాడ్రన్ అంటే యుద్ధ విమానాల దళం. హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు బ్రిటిష్ వైమానిక దళంలో మూడు. మొదటిది 110వ నంబరుది. హెండన్‌లో నేను చూసిన విమానం దానిదే. దానికి మొట్టమొదట ఇచ్చిన విమానాలన్నీ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బహూకరించినవే. అది బాంబర్ల దళం. 1918 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ నుంచి జర్మనీ మీదికి పగటిపూట దాడులు మొదలుపెట్టింది. అక్టోబర్ 21న కొలోన్ వైపు వెళ్ళిన వాటిలో ఒక్క రోజే ఏడు విమానాలు తిరిగి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మర్నాడు, అంటే 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన తొలి దాడిలో కూడా ఈ 110 ఉంది. మిగిలిన రెండూ ఫైటర్ స్క్వాడ్రన్లు. 152వది స్పిట్‌ఫైర్లు, 253వది హరికేన్లు నడిపింది. 152వదాని పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్, 253వదాని పేరు హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్. రెండో యుద్ధంలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన విరాళాల వల్లే వీటికి ఆ పేర్లు వచ్చాయి.

ఈ మూడింటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది 152. దాని అధికారిక ముద్ర మీద ఉన్నది నిజాం తలపాగా. మన ఇళ్ళల్లో పాత ఫోటోల్లో చూస్తామే, ఆ దస్తార్. దాని కింద ధ్యేయవాక్యం రెండే మాటలు: నమ్మకమైన మిత్రుడు. మొదటి యుద్ధంలో చేసిన సాయానికి ఇంగ్లీషువాళ్ళు నిజాంకు ఇచ్చిన బిరుదు అది. ఇక్కడి దర్బారు భాషలో యార్-ఎ-వఫాదార్ అన్నారు. ఒక రాజుకిచ్చిన బిరుదు ఒక యుద్ధ విమానాల దళానికి ధ్యేయవాక్యమై కూర్చుంది.

152 స్క్వాడ్రన్‌ను 1939 అక్టోబర్ 1న ఇంగ్లండ్ ఈశాన్యాన ఆక్లింగ్టన్‌లో మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ అనడం ఎందుకంటే ఆ సంఖ్యతో 1918లో ఒక దళం పుట్టి, మరుసటి ఏడే రద్దయింది. మొదట గ్లాడియేటర్ అనే రెండంతస్తుల రెక్కల విమానాలిచ్చారు, 1940 మొదట్లో స్పిట్‌ఫైర్లు వచ్చాయి. ఆ జూలైలో దళాన్ని దక్షిణాన డార్సెట్‌లోని వార్మ్‌వెల్ మైదానానికి పంపారు. అది సముద్ర తీరానికి దగ్గర. ఆ పక్కనే పోర్ట్‌లండ్ నౌకాశ్రయం. ఫ్రాన్స్ నుంచి ఇంగ్లిష్ ఛానల్ దాటి వచ్చే జర్మన్ విమానాల్లో చాలావాటికి ఎదురెళ్ళవలసింది వీళ్ళే.

స్పిట్‌ఫైర్ అంటే అందరికీ ఆ రెక్కల అందమే గుర్తొస్తుంది. నాకు గుర్తుండేది ఇంకొకటి. అప్పటి స్పిట్‌ఫైర్‌కు ఎనిమిది మెషిన్‌గన్లు, ఒక్కోదానికి 300 తూటాలు. మీట నొక్కి పట్టుకుంటే పదిహేను సెకన్లలో అన్నీ అయిపోతాయి. ఇరవై ఏళ్ళు నిండీ నిండని కుర్రాడు ఆ పదిహేను సెకన్లను చూసి చూసి ఖర్చు పెట్టుకోవాలి. అవి అయిపోతే చేతిలో ఆయుధం ఉండదు, శత్రువు మాత్రం ఇంకా ఆకాశంలోనే ఉంటాడు.

1940 ఆగస్టు 8న ఛానల్‌లో నౌకల బారును కాపాడటానికి వెళ్ళిన డెనిస్ రాబిన్సన్ అనే సార్జెంట్ పైలట్ విమానం దెబ్బ తింది. వేర్‌హామ్ ఊరి దగ్గర పచ్చికలో దింపబోతే అది ముక్కు నేలకు గుచ్చుకుని, తోక ఆకాశానికి ఎత్తి నిలబడిపోయింది. ఆ ఫోటో నేటికీ ఉంది. అతను బతికి బయటపడ్డాడు. సెప్టెంబర్ 25న కెన్నెత్ హాలండ్ బయటపడలేదు. ఆస్ట్రేలియాలో పుట్టిన కుర్రాడు, వయసు ఇరవై. ఆ రోజు బ్రిస్టల్ దగ్గరి ఫిల్టన్‌లో విమానాల కర్మాగారం మీద జర్మన్లు పెద్ద దాడి చేశారు. హాలండ్ ఒక హైంకెల్ బాంబర్‌ను తరిమి తరిమి కూల్చాడు. ఆ బాంబర్‌లోంచి వచ్చిన తూటాలకే తనూ కూలిపోయాడు. సోమర్‌సెట్‌లో వూల్వర్టన్ అనే చిన్న ఊళ్ళో అతని పేరున స్మారక శిల ఉంది. మన ఊరి పేరు మోసిన దళంలో చేరి, మన ఊరు ఎక్కడుందో కూడా బహుశా చూడకుండానే ఆ పిల్లవాడు పోయాడు.

253 కథ ఇంకా కఠినం. 1940 ఆగస్టు చివర్లో లండన్‌కు దక్షిణాన కెన్లీకి వచ్చిన రెండు మూడు రోజుల్లోనే ఆ దళం నాయకుణ్ణి పోగొట్టుకుంది. ఆగస్టు 31న స్క్వాడ్రన్ లీడర్ హెరాల్డ్ స్టార్ చనిపోయాడు. దళాన్ని చేతిలోకి తీసుకున్న టామ్ గ్లీవ్ విమానం అదే రోజు మండిపోయింది. ఒళ్ళంతా కాలి, ముఖం గుర్తు పట్టలేనంతగా మారిపోయిన మనిషి పక్కన భార్య వచ్చి కూర్చుని, ఏం చేసుకున్నావయ్యా ఇలా అని అడిగితే, ఒక జర్మన్‌తో గొడవ పడ్డాను అన్నాడట. కాలిన పైలట్ల ముఖాలకు కొత్త చర్మం వేసే ఆసుపత్రి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో ఉండేది. అక్కడి రోగులు పెట్టుకున్న సంఘానికి మొదటి పెద్ద ఆయనే అయ్యాడు.

152 మాత్రం ఇంగ్లండ్‌లోనే ఆగిపోలేదు. 1942 చివర్లో ఉత్తర ఆఫ్రికా వెళ్ళింది, అక్కణ్ణించి మాల్టా, సిసిలీ, ఇటలీ. ఆ తర్వాత మన దేశానికే వచ్చింది. 1943 ముగిసేవేళకు స్పిట్‌ఫైర్లతో ఇటు చేరి, మరుసటి ఏడు బర్మా తీరంలోని అరకాన్‌లో, ఇంఫాల్ సీమలో జపాన్ సేనలతో పోరాడింది. అప్పుడే విమానాల ఒంటి మీద దూకుతున్న నల్ల చిరుతను గీసుకున్నారు. ఇంఫాల్ చుట్టూ ముట్టడి సాగిన ఆ నెలల్లోనే మన వైమానిక దళపు ఒకటో స్క్వాడ్రన్ అర్జన్ సింగ్ నాయకత్వంలో హరికేన్లతో అదే ఆకాశంలో పోరాడింది. భారతీయులు నడిపిన దళం ఒకటి, భారతీయుల సొమ్ముతో పేరు తెచ్చుకున్న దళం మరొకటి. మొదటిదాని చరిత్ర మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. రెండోదాని మాటే ఎత్తం.

ఎందుకు ఎత్తమో నాకు తెలుసు. ఆ సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్న ఎదురవుతుంది కనుక.

హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమైన రాబడి భూమి శిస్తు. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతు కట్టిన శిస్తు. అది కాక నిజాం సొంత ఖర్చులకు విడిగా ఉన్న సర్ఫేఖాస్ భూములు. ఆ భూములు దున్నిందీ రైతే. ఏ ఖజానా నుంచి వెళ్ళినా, ఆ స్పిట్‌ఫైర్ల వెనక ఉన్నది ఎడ్లు, నాగలి, చెమట. అలాంటి రాజ్యంలో దేని మీద ఎంత ఖర్చు పెట్టాలో అడిగే హక్కు ఆ రైతుకు లేదు. ఓటు లేదు. చాలా ఊళ్ళల్లో వెట్టి ఉంది, దొర గడీ ఉంది.

మా నాయనమ్మది నల్లగొండ జిల్లా. యుద్ధం రోజుల మాట వస్తే ఆవిడ నోట మొదట వచ్చేది లెవీ. ఎకరాకు ఇంత ధాన్యం సర్కారుకు కొలవాలని హుకుం. పంట పండిందా ఎండిందా అన్నది వాళ్ళకు పట్టదు. పెద్ద దొరల గరిశెల జోలికి వెళ్ళేవాళ్ళు కాదు, రెండెకరాల వాడి వాకిట్లో మాత్రం కుంచం పెట్టి కొలిచేవాళ్ళు. పిల్లలకు మిగలాలని ఆవిడ జొన్నలు కుండలో పోసి, పశువుల కొట్టంలో గొయ్యి తీసి, పైన పేడ అలికి దాచిందట. ఎనభై ఏళ్ళు దాటాక కూడా ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది, ఎవరో వింటారన్నట్టు. లెవీ ధాన్యం అమ్మి స్పిట్‌ఫైర్లు కొన్నారని నేననడం లేదు. ఒకే రాజ్యంలో, ఒకే యుద్ధ కాలంలో ఈ రెండూ జరిగాయి. వార్మ్‌వెల్ నుంచి ఎగిరి కూలిన కుర్రాళ్ళ కథ చెప్పేటప్పుడు మా నాయనమ్మ కుండ కథ కూడా చెప్పకపోతే అది సగం చరిత్రే అవుతుంది.

తర్వాతి భాగం ఇంకా మనసును కలచివేస్తుంది. 152 స్క్వాడ్రన్‌ను 1946 మార్చిలో సింగపూర్‌లో రద్దు చేశారు. కొద్ది వారాలకే వాయవ్య సరిహద్దు దగ్గరి రిసాల్‌పూర్‌లో ఆ సంఖ్యతో ఇంకో దళాన్ని నిలిపి, టెంపెస్ట్ విమానాలిచ్చారు. 1947 జనవరిలో అదీ పోయింది. మరో ఇరవై నెలలకు, 1948 సెప్టెంబర్ 13న, హైదరాబాద్ మీద సైనిక చర్య మొదలైంది. ఆకాశంలో వచ్చినవి అదే రకం టెంపెస్టులు, ఈసారి మన దేశపు ముద్రతో. దేశదేశాల్లో తన పేరున స్క్వాడ్రన్లు ఎగిరిన రాజ్యానికి వాటిని ఎదుర్కొనే ఫైటర్ దళం లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా మనిషి కరాచీ నుంచి రాత్రిళ్ళు దొంగచాటుగా విమానాల్లో ఆయుధాలు తెచ్చి దింపితే, అవే గతి. ఐదు రోజుల్లో అంతా ముగిసింది. నమ్మకమైన మిత్రుడని ముద్ర వేయించిన ఇంగ్లండ్ కదలలేదు. ప్రజల పక్షాన చూస్తే నిజాం పాలన పోవడం మంచిదే అయింది, అందులో నాకు సందేహం లేదు. ఆ తర్వాత పల్లెల్లో జరిగిన ఘోరాలకు ఎంత ఏడ్చినా తీరదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి.

ఆంధ్ర జిల్లాల పాఠకులు ఇది తమది కాదనుకోవద్దు. అప్పట్లో ఆ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. ఆ పేరుతోనూ బ్రిటన్‌లో రెండు ఫైటర్ స్క్వాడ్రన్లు ఉండేవి, 234, 264. రెండోదానికిచ్చిన డిఫయంట్ విమానాల్లో ముందుకు కాల్చే తుపాకీ లేదు, వెనక తిరిగే గుమ్మటంలోనే తుపాకులన్నీ. 1940 ఆగస్టులో ఎదురుగా వచ్చిన జర్మన్ ఫైటర్ల ముందు ఆ దళం నిలవలేక చాలామందిని పోగొట్టుకుంది. మైసూరు పేరున్న 129 స్క్వాడ్రన్ ముద్ర మీద గండభేరుండం ఉంది. అవన్నీ ఎవరి చరిత్రలు వాళ్ళు వెతుక్కోవలసినవి. నేను మా ఊరి సంగతి అడుగుతున్నాను.

అడిగేది పెద్దదేమీ కాదు. నిజాం కాలపు ఫర్మానాలు, ఆర్థిక శాఖ ఉత్తర ప్రత్యుత్తరాలు, బ్రిటిష్ రెసిడెన్సీతో నడిచిన లేఖలు తార్నాక ఆర్కైవ్స్‌లో ఉర్దూలో, ఫారసీలో, ఇంగ్లీషులో కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిలోంచి 1917 నుంచి 1918 వరకు, మళ్ళీ 1939 నుంచి 1945 వరకు విమానాల విరాళాలకు సంబంధించిన కాగితాలను వేరు చేయించండి. ఎంత సొమ్ము, ఏ పద్దు కింద, దివానీ ఖజానా (అంటే ప్రభుత్వ ఖజానా) నుంచా సర్ఫేఖాస్ నుంచా, ఉద్యోగుల జీతాల్లోంచి కోసింది ఎంత, జాగీర్దార్లు ఇచ్చింది ఎంత, ఇవన్నీ తెలుగులోకి తెచ్చి అందరూ చదువుకునేలా పెట్టండి. నిజాంను పొగడటానికో తిట్టడానికో కాదు, కట్టినవాడి మనవలకు లెక్క చెప్పడానికి.

అటువైపు కాగితాలకు ఇబ్బంది లేదు. బ్రిటిష్ స్క్వాడ్రన్లు ప్రతి రోజూ రాసిన దినచర్య పుస్తకాలు లండన్ శివారు క్యూలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరుసలో ఉన్నాయి. ఎవరు ఏ విమానంలో ఎన్ని గంటలకు లేచారు, ఎప్పుడు దిగారు, ఎవరు దిగలేదు, అన్నీ రాసి పెట్టారు. ప్రభుత్వం తరఫున అడిగితే 110, 152, 253 దళాల పుస్తకాల ప్రతులు తెప్పించుకోవడం కష్టం కాదు. ఒకే గదిలో ఒక బల్ల మీద ఆ పుస్తకాలు, ఇంకో బల్ల మీద మన శిస్తు పద్దులు పెట్టండి. గోడ మీద దస్తార్ ముద్ర పెట్టండి. కెన్నెత్ హాలండ్ పేరు తెలుగులో రాయించండి. పక్కనే లెవీ ధాన్యం కొలిచిన ఒక కుంచం పెట్టండి. మన మ్యూజియాల్లో కత్తులు, డాళ్ళు, అత్తరు బుడ్లు చూసి చూసి విసిగిన పిల్లలు ఆ గదిలో చాలాసేపు నిలబడతారని నా నమ్మకం.

నగరం పక్కనే దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ శిక్షణ ముగించి, తలపైకి టోపీలు ఎగరేసి, ఏదో ఒక స్క్వాడ్రన్‌లో చేరడానికి వెళ్ళిపోతారు. ప్రతి స్క్వాడ్రన్ తన చరిత్రను దేవుడి గదిలా చూసుకుంటుందని వాళ్ళకు అక్కడే నేర్పుతారు. విమానాలు పాతబడి దళం మూతపడినా ఆ సంఖ్యనూ పతకాలనూ భద్రంగా దాచి, కొత్త విమానాలు వచ్చాక మళ్ళీ నిలబెడతారు. పరమవీర చక్ర నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్‌ది 18వ స్క్వాడ్రన్. 2016లో దాన్ని మూసి, 2020లో తేజస్ విమానాలతో తిరిగి నిలిపారు. అలాంటి సంప్రదాయంలో పెరిగే పిల్లలు నెలల తరబడి ఉండే ఊరు ఇది. ఈ ఊరి పేరున ఎగిరిన దళాల గురించి ఒక్క సెలవు రోజు వచ్చి చూసి వెళ్ళడానికి వాళ్ళకొక చోటు ఉండాలి కదా.

హెండన్‌లో నేను తీసిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి, అడిగితే ఇస్తాను. మా నాయన చదివింది నిజాం కాలపు ఉర్దూ బడిలో. చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నాకూ ఆ లిపి నేర్పాడు, దస్తావేజుల గొలుసు రాత కూడా కొంచెం చదవగలను. పాత కట్టలు విప్పి చదవడానికి మనుషులు చాలరంటే నాకొక కుర్చీ వేయండి. జీతం అవసరం లేదు. సోమవారం నుంచే వస్తాను.

ఇట్లు,
హైదరాబాద్ స్క్వాడ్రన్ పేరున్న ఊరి మనిషి